అక్క మైకు బందు పెట్టిన వానకాలం

మొన్న జనగామ బస్టాండుల హన్మకొండ బస్సు కోసం కూసున్న. పక్క బెంచీ మీద కాలేజీ పోరగాళ్లిద్దరు ఫోన్లు అడ్డంగ పట్టుకొని బొటనవేళ్లతోని టకటక కొడుతున్నరు. ఉన్నట్టుండి వాళ్లల్ల ఒకడు "ఆట రానప్పుడు ఎందుకొస్తవ్ రా? ఫోన్ అమ్ముకొని బర్రెను కొనుక్కోపో" అని గట్టిగ మొత్తుకున్నడు. పల్లీలమ్మే ఆమె తననేమో అనుకొని ఉలిక్కిపడ్డది. నేను లేచి పోయి వాని ముంగట నిలబడ్డ. "ఎవర్ని అంటున్నవ్ బిడ్డా?" అన్న. వాడు చెవుల నుంచి ఒక ఇయర్‌ఫోన్ తీసి "మిమ్మల్ని గాదు ఆంటీ, ఎవడో నూబుగాడు" అన్నడు. నూబంటే ఏందో నాకు తెల్సు. తెలిసే అడిగిన. "కొత్తోడాంటీ, ఆట రానోడు" అన్నడు. "కొత్తోనికి ఆట ఎట్లొస్తది బిడ్డా?" అంటే, నేనేదో పిచ్చిమాట అడిగినట్టు చూసి, ఇయర్‌ఫోన్ మళ్ల చెవుల పెట్టుకున్నడు. బస్సెక్కినంక రఘునాథపల్లి దాటేదాక వాన్ని గొణుక్కుంట తిడుతనే ఉన్న. యాభై ఏండ్ల ఆడిమనిషికి ఫోన్ల ఆట మీద ఇంత కోపమేందని చూసినోళ్లు అనుకొని ఉంటరు. మా అక్క సంగతి తెల్వదు కాబట్టి అనుకుంటరు.

మేం ముగ్గురం అక్కచెల్లెండ్లం. నేను చిన్నదాన్ని, జనగామల ఉంట. నడిపక్కది మహబూబాబాద్. పెద్దక్కను భూపాలపల్లికి ఇచ్చిండ్రు. మా బావ బొగ్గుబాయిల పనిచేసి రిటైరైండు. అక్కకు అక్కడ బజార్ల చిన్న గాజుల దుకాణం ఉన్నది. దుకాణం అనేది పేరుకే గని, అది అక్క మాట్లాడుకునే జాగ. గాజులకొచ్చిన మనిషి చెయ్యి తన చేతులకు తీసుకున్నదంటే, గాజు మణికట్టు దాటేలోపల ఆ మనిషి పుట్టినిల్లు, అత్తగారిల్లు, తోడికోడలి పెత్తనం అన్నీ అక్కకు తెలిసిపోయేటియి. బేరం చేసే ఆడోళ్లంటే ఆమెకు మహా ఇష్టం. అడిగిన ధర ఇచ్చి పోయేటోళ్లను చూసి "గీ మనిషికి నోట్లె నాలుక లేదేంది" అని నొచ్చుకునేది. మా చిన్నప్పుడు సినిమాలల్ల మా మాట మాట్లాడేటోడు ఉంటే రౌడీ పక్కన నిలబడేటోడన్న కావాలె, లేకుంటే నవ్విచ్చేటోడన్న కావాలె. హాలంత నవ్వుతుంటే అక్క ఒక్కతే కుర్చీల నుంచి లేచి "మేం గిట్ల మాట్లాడుతమా? జర సక్కగ నేర్చుకొని రమ్మనుండ్రి వాన్ని" అని తెర మీదికి కేకేసేది. సిగ్గుతోని నేనూ నడిపక్క కుర్చీల కిందికి జారేటోళ్లం.

అసుంటి మనిషికి పోయిన ఏడాది వానకాలం మొదట్ల పక్షవాతం వచ్చింది. దేవుని దయవల్ల దవాఖానకు తొందరగనే తీస్కపోయిండ్రు. ప్రాణానికేం కాలే, కాలు కూడ మెల్లగ లేచింది. కుడిచెయ్యి వేళ్లు మాత్రం కట్టెల్లెక్క బిగుసుకపోయినయ్. మాట ముద్దగ, ఆగి ఆగి వచ్చేది. ఒక్కో మాటను ఎక్కడ్నో లోపట్నుంచి మోసుకొచ్చి మన ముంగట పెట్టినట్టు ఉండేది. వేళ్లు ఆడిచ్చాలె, నోరు ఆడిచ్చాలె, ఊకె కూసోవద్దు అని చెప్పి డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చి పిసుకుమన్నడు. అక్క దాన్ని రెండు దినాలు పిసికి, మూడోనాడు వాకిట్లకొచ్చిన కుక్క మీదికి ఇసిరింది. కుక్క దాన్ని నోట్ల కరుసుకొని పోయింది. వ్యాయామం గట్ల ముగిసింది.

ఆట సంగతి తెచ్చింది నడిపక్క బిడ్డ. ఇంజినీరింగు చదివి మహబూబాబాద్‌ల ఇంట్లనే ఉండి పరీక్షలకు తయారైతుండె. "చిన్నమ్మా, పెద్దమ్మకు బంతులు ఇస్తే ఆడతదా? మనం ముగ్గురం కలిసి ఫోన్ల ఆడుదం. వేళ్లకు పని, నోటికి పని" అన్నది. నాకు నవ్వొచ్చింది గని, ఆ పిల్ల చెప్పిన దాంట్ల తప్పేం కనబడలే. భూపాలపల్లికి రోజూ పోయి అక్కతోని ముచ్చట పెట్టేటంత తీరిక మాకెవ్వరికి లేదాయె. ఆ ఆటల అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ఒక్కొక్కరు ఒక్కో వీరున్ని తీసుకోవాలె. అవుతలోళ్ల కోట కూలగొడితే గెలిచినట్టు. మైకు పెట్టుకొని ఆడుకుంటనే మాట్లాడుకోవచ్చు. మేం ముగ్గురం పోను, తక్కువైన ఇద్దర్ని ఆటనే ఎక్కడ్నుంచో తెచ్చి కలుపుతది.

మొదటి వారం మాకు ఓటమే లేదు. నేను కండ్లు మూసుకొని కొట్టినా అవుతలోళ్లు పడిపోయేటోళ్లు. ఫోన్ల బాకాలు మోగేవి, పూలు రాలేవి. అక్క ఒక పెద్ద బండసుంటి రాక్షసున్ని ఎంచుకొని వానికి మా పెద్దమామ పేరు పెట్టింది. అంత లావున్నా పెద్దమామ మెల్లగనే నడుస్తడు కాబట్టి తనకు సరిపోయిండన్నది. తర్వాత ఎరుకైంది, మేం అన్నిదినాలు కొట్టింది మనుషుల్ని గాదట! కొత్తగ వచ్చినోళ్లు మురువాలెనని ఆటోళ్లు తయారుచేసి పెట్టిన ఉత్త బొమ్మలట. మురిపిచ్చుడు అయిపోంగనే మమ్ముల తీస్కపోయి నిజం మనుషుల నడుమ పడేసింది ఆట. ఇగో, ఇప్పటిసంది మనుషులొస్తరు, జర పైలం అని ఒక్క ముక్క చెప్పలే.

అప్పట్నుంచి చూడాలె మా తిప్పలు. కోట దాటి నాలుగడుగులు వేస్తే ఎవడో పొదల నుంచి దుంకి సంపేటోడు. ఎందుకు సచ్చినమో, దేంతోని కొట్టిండో తెలిసేది గాదు. వందకు పైన వీరులు, ఒక్కొక్కనికి నాలుగైదు విద్యలు, వాటికి విరుగుళ్లు. ఇవన్ని ఏండ్ల సంది ఆడేటోళ్లకు నోటికొచ్చు, కొత్తోళ్లకు చెప్పే దిక్కు లేదు. దానికంటే అన్యాలం ఇంకోటున్నది. మనం సచ్చినప్పుడల్ల మనల్ని సంపినోనికి బంగారం వస్తది, దాంతోని వాడు ఇంకా బలంగైతడు. అంటే రానోళ్లను ఇంకా రానోళ్లను చేసి, వచ్చినోళ్లకు ఇంకింత అందిచ్చే ఆట. నువ్వు ఓడుడే గాదు, నీ వల్ల నీ జట్టోళ్లు కూడ ఓడుతరు. అందుకని మొదలు నిన్ను తిట్టేది అవుతలోళ్లు గాదు, నీ పక్కనున్నోళ్లే. పోనీ లేచిపోదమంటే అదీ లేదు. నడుమ ఇడిసిపోతే మార్కులు కోసి, కొంతసేపు ఆడనియ్యకుండ పక్కన కూసోబెడతది. బాగ ఆడేటోళ్లు కొందరు ఉత్తగనే కొత్త పేరు పెట్టుకొని కొత్తోళ్లల్ల కలిసి, వాళ్లను సంపుకుంట సంబురపడతరని పిల్ల చెప్పింది. డిగ్రీ చదివినోడు అంగన్‌వాడీకొచ్చి, అ ఆలు రాసుట్ల ఫస్టొచ్చిన అని ఎగిరినట్టు! ఇదేం మొగతనమని నేనడిగితే, "ఆట గట్లనే ఉంటది చిన్నమ్మా" అన్నది. గట్లనే ఎందుకుంటది? ఎవడో కూసోని గట్ల చేసిండు కాబట్టి ఉన్నది.

అయినా అక్క ఇడువలే. రోజు పొద్దుమీకె దుకాణం మీద పిల్లనొకదాన్ని కూసోబెట్టి లోపటికొచ్చి ఫోన్ పట్టుకునేది. కట్టెల్లాంటి వేళ్లు తెర మీద ఒక్కొక్కటిగ కదిలినయ్. మాట కూడ కదిలింది. "చెల్లే... ఎడమకు... ఎడమకు రా" అనేది. నేను పోయేలోపల ఇద్దరం సచ్చేటోళ్లం. సచ్చి, మళ్ల లేచేదాక ఆ కాసేపు కాలీ కదా, ఆ సందులనే ముచ్చట్లు పెట్టేది. కూర ఏం వండినవ్, వాన పడ్డదా, నడిపిది ఫోన్ చేసిందా అని. ఒకనాడు బావ ఫోన్ చేసి "మీ అక్క నవ్విందే పిల్లా, వంటింట్లకు ఇనొచ్చింది" అన్నడు. దవాఖాన నుంచి వచ్చినంక అదే మొదలట.

ఆ తర్వాత ఒక ఆదివారం పగటిపూట మా జట్టుల ఒక మొగమనిషి కలిసిండు. గొంతు చూస్తే పోరగాడు గాదు, పెండ్లాం పిల్లలున్నోని గొంతే. మాటను బట్టి మా దిక్కోడు గాదు. అక్క తన రాక్షసున్ని నడిపిచ్చుకుంట "జర... ఆగు... నేనొస్తున్న" అన్నది. ఆ మూడు మాటలకు ఆమెకు ఎంతసేపు పట్టాలెనో అంతసేపు పట్టింది. "ఎవరీ ముసల్ది? తాగి ఆడుతోందా?" అన్నడు వాడు. పక్కనున్న ఇంకొకడు కిసకిస నవ్విండు. వాని నవ్వుకు వీనికి ఇంకింత ఊపొచ్చింది. నాలుక మడతేసి, ఒక్కో అక్షరం సాగదీసి, "జ...ర...ఆ...గు, గిట్ల గట్ల గిది గది" అనుకుంట అక్క మాటను అచ్చం ఆమె అన్నట్టే అన్నడు.

పిల్ల ఊకుంటదా? "ఆమెకు పానం మంచిగలేదు, నోరు మూసుకో" అని గయ్యిమన్నది. "బాగాలేకపోతే ఆస్పత్రికి వెళ్లాలి గానీ ఇక్కడికెందుకు? వెళ్లి అంట్లు తోముకోమను" అన్నడు. నేను నోటికొచ్చినట్టు తిట్టిన. నా జన్మల వాడని మాటలు కూడ వాడిన. వాడు నా గొంతు ఇనబడకుండ బందు పెట్టుకొని, అక్కను మాత్రం ఎక్కిరిచ్చుకుంటనే ఉన్నడు. అక్క ఏమో అనబోయింది. సినిమా హాల్ల ఒక్కతే లేచి నిలబడ్డ మనిషి, వానికి సమాధానం చెప్పనీకి తండ్లాడుతుంటే నాకు ఆమె శ్వాస ఒక్కటే ఇనబడుతున్నది. కోపమొస్తే మాట ఇంకింత బిగుసుకపోతదని మాకు అప్పటికి తెల్వదు. "అక్కా, ఇడిసిపెట్టు. ఫోన్ బందు పెట్టు" అని ఏడుపొక్కటే తక్కువ నాకు. అప్పుడు మెల్లగ అన్నది: "సగంల... పోతే... మీరు... ఓడుతరు గద." అట్లనే కూసున్నది, ఆట అయిపోయేదాక. వాడు అన్నియన్ని మాటలు అంటుంటే, మా కోటంటే వాని కోట కూడ గదా, దానికి ఆమెనే అడ్డం నిలబడ్డది. మేం ఓడినం.

పిల్ల వాని మీద రిపోర్టు చేసింది. మీ సహకారానికి ధన్యవాదాలు, పరిశీలిస్తం అని మిషిని రాసిన సమాధానం వచ్చింది. తెల్లారి చూస్తే వాడు మంచిగ ఆడుకుంటనే ఉన్నడట. అంటే మేం నడుమ లేచిపోయి ఉంటే మాకు శిక్ష. ఒక జబ్బుమనిషి నోరు కొట్టినోనికి మాత్రం ఏ శిక్ష లేదు. ఎవరు రాసిండ్రో ఈ చట్టం!

వారం తిరగకముందే బావ ఫోన్ చేసిండు. "మీ అక్క మాట్లాడుడు బందు చేసింది. గిరాకులొస్తే ఏలు చూపిస్తున్నది. నువ్వన్న వచ్చి చెప్పరాదు" అన్నడు. సెలవు పెట్టి, హన్మకొండ పోయి, పరకాల మీదికెళ్లి వానల భూపాలపల్లి చేరిన. అక్క దుకాణంల ఉన్నది. గాజులు కొననీకి వచ్చిన ఆమె ఏదో అడుగుతున్నది, అక్క తలకాయ ఊపుతున్నది. ఆ దుకాణం అంత చప్పుడు లేకుండ ఉండుడు నేనెప్పుడు చూడలే.

లోపట కూసున్నంక "వాడెవడో బేకార్‌గాడు, వాని మాట పట్టుకుంటవా?" అన్న. ఒళ్లె ఉన్న ఫోన్‌ను ఇటు తిప్పింది, అటు తిప్పింది. తర్వాత, "నన్నంటే... అననియ్. నా మాటను... ఎక్కిరిచ్చిండు. నాకే... ఇనబుద్ధి ఐతలేదు... నా మాట" అన్నది. ఆమె ఫోన్ గుంజుకొని ఆటను తీసేద్దమని చూసిన. ఇయ్యలే. రెండు చేతులతోని రొమ్ముకు అదుముకున్నది. ఆ కుడిచేతిల అంత పట్టుండుడు చూసి ఇద్దరం ఒకేసారి ఆ చేతి దిక్కు చూసినం. "ఏళ్లు... వస్తున్నయ్ చెల్లే" అన్నది.

అట్ల ఆడింది అక్క, మైకు బందు పెట్టి. మేం మాట్లాడితే ఇంటది, తను మాట్లాడదు. చలికాలం వచ్చేసరికి వేళ్లు సాపయినయ్. ఇప్పుడు మునుపటి లెక్కనే ఎంత ఇరుకు గాజునైనా నొప్పి తెల్వకుండ ఎక్కిస్తది. అది చూసి మా వాళ్లంత "ఏమన్నా గని, ఆటతోని మంచే జరిగింది" అంటరు. అట్ల అంటే నాకు ఒళ్లు మండుతది. చెయ్యి సంగతే చెప్తరు, ఇంకోటి చెప్పరేంది? మొన్న దవాఖానకు తోలుకపోతే డాక్టరు చేతిని చూసి మెచ్చుకున్నడు. మాట దగ్గరికొచ్చేసరికి మొఖం చిన్నగ చేసుకున్నడు. "మాట తొందరగ తిరిగొచ్చేది మొదటి నెలలల్లనే అమ్మా. అప్పుడే ఎక్కువ మాట్లాడిపిచ్చాల్సింది. ఇప్పుడూ వస్తది గని, చాన నిమ్మళంగ వస్తది" అన్నడు. అక్క నా దిక్కు చూడలే.

పోయిన నెల నేను భూపాలపల్లిల ఉన్నప్పుడు అక్క పక్కన కూసోని ఆమె ఆట చూసిన. పెద్దమామ రాక్షసుడు కోటకు అడ్డం నిలబడితే అవుతలోళ్లు ఒక్కరు కూడ దాటలే. గెలిచినంక జట్టుల ఎవడో "సూపర్ ఆడినవ్ అన్నా" అని రాసిండు. గొంతు లేదు కాబట్టి మొగోడనుకున్నడు. నాకు మళ్ల కోపమొచ్చింది. "అన్న గాదు, అక్క అని చెప్పు. మైకు పెట్టి చెప్పు" అన్న. అక్క తెరను నాకు చూపిచ్చి, పెదిమలు విప్పకుండ నవ్వి, తర్వాతి ఆటకు తయారైంది.

ఆ ఆదివారం మా అక్కను ఎక్కిరిచ్చినోనికి అది ఒక్క ఆట సేపు. అన్నం తినెటాల్లకు మరిచిపోయి ఉంటడు. మా అక్కకు మాత్రం అవి మాట తిరిగి రావాల్సిన నెలలు. వానలతోని వచ్చినయ్, వానలతోనే పోయినయ్. ఈ ఏడు మళ్ల వానలు పడతయ్ గని, ఆ నెలలు రావు.