నర్సు హంతకురాలు కాదు

నేను డిటెక్టివ్ నవలలు రాశాను. ఆ మాట చెప్పుకోవడానికి అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను.

డెబ్బైల్లో విజయవాడలోని ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. నెలనెలా ఒక డిటెక్టివ్ నవల వేసేవాళ్లం. అన్నిట్లోనూ ఒకడే డిటెక్టివ్. లంచం ముట్టనన్నందుకు పోలీసు ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. ఒంటరివాడు. ప్రతి నవలలోనూ తన్నులు తినేవాడు, కేసు మాత్రం వదిలేవాడు కాదు. అతనంటే నాకు ప్రాణం. ఆ నవలల్లో ఆడవాళ్లను చూపించే తీరు చూస్తేనే మంట. క్లబ్బులో డాన్సన్నా చేసేవాళ్లు, శవాలుగానన్నా పడి ఉండేవాళ్లు, కాదంటే చివర్లో హంతకురాళ్లుగా తేలేవాళ్లు.

ఒకసారి ఆ నవలలు రాసే రచయిత సినిమా కథ రాయడానికి మద్రాసు వెళ్లి అక్కడే ఉండిపోయారు. అట్ట అచ్చయిపోయింది, లోపల వేయడానికి కథ లేదు. ప్రెస్సు యజమాని తల పట్టుకుని కూర్చున్నారు.

"నేను రాస్తానండీ" అన్నాను.

ఆయన నవ్వారు. "తుపాకీ ఎప్పుడన్నా చూశావా అమ్మా?"

"రచయితగారు మాత్రం చూశారా అండీ?"

"సరే, కానివ్వు. పేరు మాత్రం ఆయనదే వేస్తాను" అన్నారు.

ఎప్పుడూ కథ జరిగే బొంబాయిని వదిలేసి కథను మా ఊరికి తెచ్చాను. రైసుమిల్లు గుమాస్తా శవం కాలువలో తేలుతుంది. ఆత్మహత్య అని పోలీసులు కేసు మూసేస్తారు. చంపించింది ఊరంతా దణ్ణం పెట్టే మిల్లు యజమాని. శవం ఒంటి మీద దెబ్బలు చూసిన ఆసుపత్రి నర్సు ఒక్కతే ఊరుకోదు. ఎంత బెదిరించినా వినకుండా వెళ్లి డిటెక్టివ్ తలుపు కొడుతుంది. మా అమ్మ నర్సే. ఆ పాత్ర నడకా, మాటా అమ్మవే.

ప్రెస్సు యజమాని చదివి, "బానే ఉంది. కానీ నర్సే చంపిందని తేల్చు. ఎవరూ ఊహించరు" అన్నారు.

"ఆవిడెందుకు చంపుద్దండీ?"

"ఏదో ప్రేమ వ్యవహారం పెట్టు. ఆడదేగా!"

"పెట్టనండీ."

ఆయనే చివరి అధ్యాయం తిరగరాసి కంపోజ్ చేయించారు. ఆ ప్రూఫులు దిద్దడానికి నా బల్ల మీదికే వచ్చాయి. అందులో నర్సు డిటెక్టివ్ కాళ్ల మీద పడి ఏడుస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. కంపోజిటర్లందరూ చూస్తుండగా ఆ కాగితాలు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

"ఇది నేను దిద్దనండీ. ఇలా వేసేటట్టయితే మిగతా కథ కూడా వెయ్యొద్దు. అది నాది."

"ఉద్యోగం ఏమవుద్దో ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకునే వచ్చానండీ."

సంచీ తగిలించుకుని మెట్లు దిగిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఆయన భవానీపురంలో మా ఇంటికి వచ్చారు. అమ్మ అప్పుడే డ్యూటీకి బయల్దేరుతోంది.

"మీరన్నా చెప్పండమ్మా మీ అమ్మాయికి" అంటూ కథంతా చెప్పారు.

అమ్మ నిలబడే విన్నది. "చంపించింది మిల్లాయనే కదండీ?"

"కథలో అంతేననుకోండి."

"మరి నర్సు మీదికెందుకు తోస్తున్నారు? ఆసుపత్రిలో ఎవరికేమైనా ముందు మమ్మల్నే అంటారు. చివరికి కథల్లో కూడానా?"

ఆయన ప్రెస్సుకు తిరిగెళ్లి తను రాసిన అధ్యాయం తీయించేశారు. నా ముగింపే అచ్చయింది.

ఆ నెల నవల బాగా అమ్ముడుపోయింది. రచయిత మద్రాసు నుంచి తిరిగొచ్చాక యజమాని నన్ను పిలిచి, "కుటుంబ నవలలు రాయి, నీ పేరే వేస్తాను" అన్నారు. "వేస్తే డిటెక్టివ్ నవల మీదే వెయ్యండి" అన్నాను. వెయ్యనన్నారు. నేను ఆ ప్రెస్సు మానేసి బడిలో టీచరుగా చేరి, సెలవుల్లో రాసుకున్నాను. మరో ప్రచురణకర్త నా డిటెక్టివ్ నవలను నా పేరుతోనే వేశాడు.

ఆడపిల్ల రాయాల్సిన రాతలేనా ఇవి అని మేం వెళ్లే చర్చి దగ్గర ఒక పెద్దాయన అమ్మను అడిగాడట. "చదివారా అండీ?" అన్నదట అమ్మ. ఆయన చదవలేదు. ఆ పుస్తకం అమ్మ వార్డులో నర్సులందరి చేతుల్లోనూ తిరిగి, అట్ట ఊడిపోయి వచ్చింది.