గోడకు ఒరగనివ్వని ఇంట్లో మా అత్త

మా మేనత్త పోయింది. పొద్దున్నే వదిన ఫోన్ చేసి చెప్పింది. "చిన్నత్తమ్మ నిద్రల్నే పోయింది. నువ్వు జల్దీ రా. వచ్చేటప్పుడు పిల్లను హాస్టల్ నుంచి తీస్కరా. అది బయట ఉన్నదట, నిన్ననే చెప్పింది. గేటు దాటి లోపలికి మాత్రం రానియ్యకు."

చావు కబురూ ముట్టు కబురూ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఏడవాల్సిన నాకు ముందు రోత పుట్టింది. ఛీ! పిల్ల అంటే మా అన్న కూతురు, వదిన కన్నబిడ్డే. ఖమ్మంలో ఇంటర్ చదువుతోంది. ఊహ తెలిసినప్పటి నుంచీ అత్త పక్కలోనే పడుకుని పెరిగింది. ఆ పిల్ల ఆఖరి చూపుకు రావచ్చట, గేటు దాకా!

అత్త టేకులపల్లిలో ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక కూడా కారేపల్లిలో మా అన్నావాళ్ల ఇంట్లో తన పాత గదిలోనే ఉండిపోయింది. మెత్తటి మనిషేమీ కాదు. గొంతు పెద్దది, టీ పోయడానికి చెయ్యి రాదు. ఎవరైనా గూని పెట్టి కూర్చుంటే వెనక నుంచి వచ్చి భుజాల నడుమ రెండు వేళ్లతో పొడిచేది. పీటల మీది పెళ్లికూతురినీ వదల్లేదు. "మీ ఆయన కూసుంటే మార్కెట్ల మిర్చి బస్తా దించినట్టే ఉంటదే" అని నా మొహం మీదే అంది. మా ఆయన ఇప్పటికీ ఆమె పేరు చెబితే సర్దుకుని కూర్చుంటాడు.

నేను పెద్దమనిషినయిన కొత్తలో మా నాయనమ్మ, అంటే అత్తను కన్నతల్లి, నన్ను వెనక వసారాలో గోనెసంచి మీద కూర్చోబెట్టేది. మంచం వద్దు, కుర్చీ వద్దు. నడుము లాగుతోందని కాస్త వెనక్కి వాలబోతే కేక పెట్టేది. "గోడకు ఒరగకే! మైల అంటుద్ది!" సున్నం కొట్టిన గోడకు మైల ఏ దారిన ఎక్కుతుందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. మోకాళ్లు కావలించుకుని రోకలిబండ పురుగులా చుట్టుకుపోయి కూర్చునేదాన్ని. పొత్తికడుపులో మొదలైన నొప్పి నడుముకు పాకి తొడల్లోకి దిగేది. అమ్మ చూసీ చూడనట్టు పోయేది.

ఒక సాయంత్రం అత్త బడి నుంచి వచ్చి నన్ను ఆ తీరున చూసింది. చెప్పులైనా విప్పకుండా తన గదిలోంచి చేతుల కుర్చీ ఎత్తుకొచ్చి, నన్ను లేపి అందులో కూర్చోబెట్టి, నడుము వెనక దిండు పెట్టింది. నాయనమ్మ లబోదిబోమంది.

"కుర్చీ నాదమ్మా. నా జీతంతోటి కొన్న. మైలయితే నాకే అయితది" అంది అత్త.

ఆ రోజు నాయనమ్మ అన్నం ముట్టలేదు. అత్త మాత్రం రెండోసారి వడ్డించుకుని తింది.

వంగి కూర్చోవడం వల్లే నొప్పి వస్తుందని అత్త ఏనాడూ అనలేదు. "నొప్పి దాని కారణాన అది వస్తది. నువ్వు గిట్ల ముడుసుకొని కూసుంటే నడుము బిగుసుకపోయి అది ఇంకింత ఎక్కువైతది" అనేది. నన్ను చేతుల మీదా మోకాళ్ల మీదా నిలబెట్టి, వెన్ను మెల్లగా పైకి ఎత్తించి కిందికి దింపించేది. ఊపిరి బిగబట్టనిచ్చేది కాదు. కాస్త తెరిపిచ్చేది, పూర్తిగా పోయేది కాదు. బడిలో ఎంత చేసినా నొప్పి తగ్గని పిల్లలను వాళ్ల అమ్మలతో పోట్లాడి మరీ దవాఖానాకు తీసుకుపోయేది. "అన్ని నొప్పులూ డ్రిల్లుతోటి పోవు. డాక్టర్ ఎందుకున్నడు మరి?"

బడిలో ఆమెకు మరో తలనొప్పి ఉండేది. ఛాతీ కనిపించకుండా వంగి నడవమని పిల్లలకు ఇంట్లోనే నేర్పి పంపేవాళ్లు. పుస్తకాలు గుండెలకు అదుముకుని, భుజాలు ముందుకు మూసుకుని వచ్చేవాళ్లు. అత్త గ్రౌండ్ మధ్యలో నిలబడి అరిచేది. "తల ఎత్తు! ఏం దొంగతనం చేసినవే?" అప్పటి హెడ్మాస్టరుకు ఈ కేకలు గిట్టేవి కావు. ఆడపిల్లలు ఛాతీ విరుచుకుని నడిస్తే ఊళ్లో బాగుండదని ఆటల పీరియడు తీసి లెక్కలకు ఇచ్చేశాడు. థూ!

హాస్టల్‌కి వెళ్లేసరికి పిల్ల మెట్ల మీద ఒళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. చున్నీ తడిసిపోయేలా ఏడ్చింది. లోపల తోటి పిల్లలు నేల మీద బాసింపట్లు వేసుకుని పుస్తకాల మీదికి వంగిపోయి చదువుతున్నారు. తెల్లవారింది మొదలు పడుకునేదాకా అదే కూర్చోవడం. "నెలనెలా దీనిది ఇదే నాటకం మేడం" అంది వార్డెన్. ఆమె మొహం మీద ఉమ్మేయాలనిపించింది. పిల్లను కారు ఎక్కించాను.

కారేపల్లిలో వదిన గేటు దగ్గరే కాపలా ఉంది. "నువ్వు ఈడ్నే నిలబడు బిడ్డా. ఈడికెల్లి కనపడతది కదా" అంది. పిల్ల కడుపు పట్టుకుని రోడ్డు మీద నిలబడిపోయింది. ఇల్లంతా చావు మైలలో ఉంటే ఈ పిల్ల మైల అందులో కొత్తగా కలిపేదేముందని అడిగాను. నలుగురూ చూస్తున్నారంది వదిన. ఆ నలుగురిలో ఆ హెడ్మాస్టరు కూడా ఉన్నాడు. ముసలివాడయ్యాడు. "ఆడపిల్లలకు ధైర్యం పోసిన తల్లి" అని కళ్లు తుడుచుకుంటున్నాడు.

స్నానం చేయించే వేళయింది. మా వైపు పీట మీద కూర్చోబెట్టి నీళ్లు పోస్తారు. ఇంటి మనిషి ఒకరు వెనక కూర్చుని పట్టుకోవాలి.

"అమ్మా, నేను పట్టుకుంటనే" అని గేటు బయటి నుంచి పిల్ల అరిచింది.

"నోర్మూసుకో!" అంది వదిన.

అత్త తల దగ్గర ఒకామె కూర్చుని ఉంది. టేకులపల్లిలో అత్త దగ్గర చదువుకున్న మనిషి. కబురు వినగానే ఆటో కట్టించుకుని అందరికంటే ముందు వచ్చిందట. ఆమె లేచి నిలబడింది.

"నేను సుత బయటనే ఉన్ననమ్మా. పొద్దటిసంది టీచర్ కాడ కూసున్నది నేనే. ఒళ్లు తుడిచింది నేనే, తల దువ్వింది నేనే. ఏమైందో చెప్పుండ్రి."

ఒకావిడ చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుంది. వదిన తల వంచుకుంది. నేను వెళ్లి గేటు తీశాను.

పిల్ల తిన్నగా వచ్చి పీట వెనక కూర్చుంది. అత్తను లేపి కూర్చోబెట్టాం. బరువంతా పిల్ల మీద పడింది. తల పిల్ల భుజం మీదికి వాలిపోయింది. నేను నీళ్లు పోశాను. నీళ్లు ఇద్దరి మీదుగా కారుతున్నాయి. పిల్ల పళ్లు బిగపట్టి, అత్త వీపును రొమ్ముకు అదుముకుని, ఆఖరి చెంబు పోసేదాకా నిటారుగా కూర్చుంది.