నాయన బొటనవేలికి అంటిన సిరా

గ్రామ సచివాలయంలో అమ్మ మరణ ధ్రువీకరణ పత్రం కోసం నిలబడి ఉంటే, కౌంటరు వెనక ఉన్న అమ్మాయి స్టాంపు ప్యాడు మూత తీసింది. ఊదారంగు సిరా వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. లోకానికి అది ఆఫీసు వాసన. నాకు మాత్రం చెరుకు పాకం వాసనా నెత్తురు వాసనా దాంతో కలిసిపోయి ఉంటాయి. ఇన్నేళ్లయినా అవి విడివడలేదు.

ఐరాల దగ్గర మా పల్లెలో చలికాలం వచ్చిందంటే బెల్లం వండే కాలం వచ్చినట్టే. తెల్లారేసరికి మంచు తెరలోంచి ఆయిల్ ఇంజను టకటక మొదలయ్యేది, పిప్పి మంటల పొగ పల్లెనంతా కప్పేసేది, పెద్ద పెనంలో రసం నురగలు కట్టి పొంగుతుంటే మేము చెరుకు ముక్కలను పాకంలో ముంచుకుని, నాలుక కాలినా సరే, ఊదుకుంటూ చీకేవాళ్లం. మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, కొత్త బెల్లం రాగానే అరిసెల్లాంటి నిప్పట్లు కాల్చి ఉట్టి మీద పెట్టేది. దొంగిలించి దొరికితే వీపు విమానం మోత మోగించేది. మా ఆటలూ అంతే మోటు. చెరుకు గడలతో కత్తిసాము చేసి, మూతులు పగలగొట్టుకుని, బెల్లం పట్టీ వేసుకుని మళ్లీ ఆడేవాళ్లం. నన్ను భుజానెక్కించుకుని గానుగ దగ్గరికి మోసుకెళ్లేది మా చిన్నాయన. నాయనకు ఒక్కడే తమ్ముడు. బావి దగ్గరి చేను నాయన పేరున ఉండేది. ఆయనకు నేనొక్కతే కూతుర్ని. "ఆడబిడ్డకు సేనెందుకన్నా, నా పేరున రాయి" అని వాడు అడగడం, నాయన నవ్వేసి ఊరుకోవడం నాకు గుర్తుంది. ఆ నవ్వుకి వాడి దవడ బిగుసుకునేది.

నేను మూడో తరగతిలో ఉండగా ఒక ఉదయం నాయన గానుగలోకి చెరుకు పెడుతున్నాడు. మెడలోని తువ్వాలు కొస బెల్టులో పడింది. చేతిలో పాకం ముక్కతో చూస్తూనే ఉన్నాను. ఇంజను ఆయన్ని ఒక్క ఊపులో లాక్కుంది. తల ఇనుప చక్రానికి కొట్టుకున్న చప్పుడు ఇంజను మోతలో కూడా వినిపించింది. బెల్టు తెంపింది చిన్నాయనే. అప్పటికే నాయన ప్రాణం పోయింది, నెత్తురు రసం కారే తొట్టిలో ఎర్రగా కలిసిపోయింది. గానుగ యజమాని భయపడి అప్పుడే పోలీసులకు కబురు పంపాడు.

నాయనను మోసుకొచ్చి ఇంట్లో చాప మీద పడుకోబెట్టి జనం బయటికి వెళ్లారు. కప్పడానికి గుడ్డ వెతుకుతూ అమ్మ పెరటి గదిలోకి వెళ్లింది. చిన్నాయన తలుపు దగ్గరగా వేశాడు. బియ్యం డ్రమ్ము వెనక ముడుచుకుని ఉన్న నన్ను చూడలేదు. నడుములోంచి, ఎప్పుడో రాయించుకుని అప్పుడే ఇంటినుంచి తెచ్చుకున్న ఒక స్టాంపు కాగితమూ చిన్న సిరా ప్యాడూ తీసి, నాయన రొమ్ము మీద మోకాలు ఆనించి, బిగుసుకున్న ఎడమ పిడికిలిని వేలు తర్వాత వేలు విప్పసాగాడు. బొటనవేలు రాలేదు. వాడు బలం పెట్టాడు. పటుక్కుమంది.

"అమ్మా! సిన్నాయన నాయన యేలు ఇరస్తా ఉండాడే!" అని అరిచాను.

అమ్మ వచ్చేసరికి ముద్ర పడిపోయింది. కాగితం లాక్కోబోతే వాడు అమ్మ జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లి నెత్తురు కళ్లలోకి దిగింది. అమ్మ చూరులోని మచ్చుకత్తి లాగి వేటు వేసింది. వాడి ముంజేయి చీరుకుపోయింది. వాడు కాగితం నడుంలో దోపుకుని నెత్తురు కారుతూనే వీధిన పడి పరుగెత్తాడు. నేను ఏడవను కూడా లేదు. వాడి చెయ్యి తెగి పడి ఉంటే బాగుండునని అనుకున్నాను, నిజం చెబుతున్నాను.

మా వైపు శవానికి స్నానం చేయించి, బొటనవేళ్లు రెండూ గుడ్డపీలికతో కట్టి, పొద్దు గుంకకముందే ఎత్తేస్తారు. ఆడవాళ్లు కడవలతో వచ్చారు. అమ్మ నాయన పక్కన కత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఈ సెయ్యి కడిగినోళ్ల సెయ్యి నరుకుతా" అంది.

దయ్యం పట్టిందన్నారు. మొగుడికి నీళ్లు కూడా దక్కనీయని ముండ అని తిట్టారు. ఒకాయన కడవ ఎత్తుకుని ముందుకొస్తే అమ్మ కత్తి వెనకవైపుతో కొట్టింది. కడవ పగిలి నీళ్లు గుమ్మం దాటి పారాయి. అప్పుడు మా అవ్వ గుండెలు బాదుకుంటూ వచ్చి అమ్మ చెంప పగలగొట్టింది.

"నా కొడుక్కి నీళ్లు పొయ్యనీయవంటే పాపిష్టిదానా!"

అమ్మ తిరిగి కొట్టలేదు. నాయన చేయి ఎత్తి చూపించింది.

"సూడత్తా. ఈ సిరా ఎవురు పూసినారో నీ సిన్నకొడుకునడుగు. మా నాయన సచ్చినపుడూ ఇట్లే ముద్ర ఏయించుకున్నారు. కడిగేసినాక మాయమ్మ మాట ఎవురూ నమ్మలా. పోలీసోళ్లు రాసుకునేదాకా ఈ యేలు ఇట్లే ఉండాల."

అవ్వ ఆ ఊదారంగు వేలినీ విరిగి వేలాడుతున్న తీరునూ చాలాసేపు చూసింది. పెద్దకొడుకు సంతకం పెట్టగలడని ఆమెకు తెలుసు. ఆయన వేలిముద్ర వేయడం ఆమె ఎప్పుడూ చూడలేదు. శవానికి అవతలి పక్కన కూలబడింది.

"నా కొడుకును ఎవురు ముట్టుకుంటారో రాండి సూస్తా" అంది, వచ్చిన వాళ్లందరితో.

మధ్యాహ్నానికి ఎస్సై వచ్చాడు. పంచనామా రాసే కానిస్టేబులు తల గాయమూ మెడ గాయమూ రాసి కాగితం మడవబోతే, అమ్మ "ఆ యేలు గూడా రాయి సామీ" అని పట్టుబట్టింది. ఎడమ బొటనవేలు విరిగి ఉందనీ, దానికి ఊదారంగు సిరా తడిగా ఉందనీ ఒక్క వాక్యం రాశాడు. పెద్దమనుషులు తలలు వంచుకుని కింద సంతకాలు చేశారు. పోస్టుమార్టానికి నాయన చిత్తూరు పోయి, మరునాడు గుడ్డల మూటగా తిరిగొచ్చాడు. అప్పుడు అవ్వ తనే నీళ్లు పోసింది.

తర్వాత కాగితాల కాలం. మరణ ధ్రువీకరణ పత్రం కావాలంటే పంచాయతీ, వారసుల సర్టిఫికెట్ కావాలంటే ఎమ్మార్వో ఆఫీసు, పాసుపుస్తకంలో పేరు మారాలంటే మళ్లీ అదే ఆఫీసు. ఒక చోట అడిగింది ఇంకో చోట ఉండదు. అమ్మకు చదువు రాదు. బడి మానిపించి నన్ను తీసుకెళ్లేది, నేను కూడబలుక్కుని చదివేదాన్ని. చిన్నాయన కూడా వచ్చాడు కట్టు కట్టిన చేత్తో. నాయన నెల కిందటే బావి చేను తనకు రాసిచ్చాడని కాగితం పెట్టాడు. ఎమ్మార్వో పంచనామా చదివి, పాత దస్తావేజుల్లో నాయన సంతకాలు తిప్పి చూసి, ఒకే ప్రశ్న వేశాడు.

"నెల కిందట వేసిన ముద్రకు, చచ్చిన రోజు వేలికి సిరా తడిగా ఎందుకుందయ్యా?"

వాడు కాగితం బల్ల మీదే వదిలేసి బయటికి నడిచాడు. చేను అమ్మ పేరునా నా పేరునా వచ్చింది. ఆ చేనే నన్ను చదివించింది.

ఇప్పుడు ఆ గానుగ లేదు, ఆ పొగ లేదు, అవ్వ ఉట్టి లేదు. చెరుకు చేలన్నీ మామిడి తోటలయ్యాయి. పనిచేసి పనిచేసి అమ్మ వేళ్లు అరిగిపోతే పింఛను యంత్రం ఆమెను గుర్తుపట్టేది కాదు. "నా యేలు దొంగిలించినా ఎవురికీ పనికిరాదు పో" అని పకపకా నవ్వేది.

పోయిన నెల అమ్మ పోయింది. చిన్నాయన వచ్చాడు, ముసలివాడై, ముంజేతి మీద ఆ తెల్లటి మచ్చతో.

"కాళ్లకు మొక్కి పోతాలేమ్మా" అన్నాడు.

అమ్మ బొటనవేళ్లు రెండూ నా పిడికిట్లో బిగించుకుని కూర్చున్నాను. స్నానానికి వేళవుతోందని ఆడవాళ్లు తొందరపెట్టినా, చిన్నాయన వీధి మలుపు దాటేదాకా వదల్లేదు.

"సర్వర్ లేదు మేడం, రిజిస్టరులో వేలిముద్ర వేయండి" అంది కౌంటరు అమ్మాయి. సంతకం పెడతానని నోటిదాకా వచ్చింది. ఊరుకుని, ఎడమ బొటనవేలు సిరాకు నొక్కి, అమ్మ పేరు పక్కన వేశాను. ఆమె తుడుచుకోమని పాత గుడ్డ అందించింది.

"వద్దులేమ్మా" అన్నాను. ప్రాణంతో ఉండి, నా వేలు నేనే పెట్టాను. ఆ సిరాను అలాగే ఇంటికి తెచ్చుకున్నాను.