గేటు దగ్గర సంజీవప్ప

పావగడ బజారులో యూనిఫారం గుడ్డ అమ్మేవాణ్ణి నేనొక్కణ్ణే కాదు. కానీ సర్కారు ఆఫీసులన్నీ ఉండే పెద్ద భవనానికి సరిగ్గా ఎదురుగా అంగడి పెట్టుకున్నవాణ్ణి మాత్రం నేనే. అందుకే ఆ గేటు దగ్గర జరిగే ప్రతి గొడవా నా కళ్ళ ముందే జరుగుతుంది. చూసి చూసి విసుగొచ్చింది. అంగడి ఇంకో చోటికి మార్చుకుందామంటే ఆ ఓపికా లేదు.

ఆ మధ్య ఎవరో గుంపుగా వచ్చి ఆ భవనం కిటికీ అద్దాలు పగలగొట్టిపోయారు. దాంతో కాపలాకు మనుషులు కావాలని తుమకూరు ఏజెన్సీ ఒకదానికి కాంట్రాక్టు ఇచ్చారు. ఏజెన్సీ తరఫున నందీష్ అనే సూపర్‌వైజరు దిగాడు. వయసు తక్కువే గానీ, నవ్వితే జీతం కోస్తారేమోనన్నట్టు ఉండేవాడు. "సీతారామన్నా, టేపు ఇవ్వప్పా" అని నా దగ్గర టేపు తీసుకుని, మనుషుల ఎంపిక మొత్తం మా అంగడి అరుగు మీదే కానిచ్చాడు. ఒక్కొక్కణ్ణీ గోడకు నిలబెట్టి ఎత్తు చూశాడు, ఛాతీ కొలిచాడు. కొలిచాక అందరినీ ఒకే ప్రశ్న అడిగాడు.

"ఈ తాలూకాలో నీకు చుట్టాలు ఉండారా?"

ఉంటే గేటు తీసి తమవాళ్ళను లోపలికి తోలేస్తారని అతని భయం. పావగడ తాలూకాలో చుట్టాలు లేనివాడు కావాలంటే, వాడు నిన్నే ఎక్కడినుంచో వచ్చి బస్సు దిగి ఉండాలి.

సంజీవప్ప వంతు వచ్చింది. తిరుమణి ఊరి మనిషి, నాకు పాత గిరాకీ. శనక్కాయలు అమ్ముకున్న చేత్తోనే ఇంటిల్లిపాదికీ బట్టలు తీసుకుపోయేవాడు. చేను సోలార్ కరెంటు పార్కుకు కౌలుకిచ్చాక, వచ్చే కౌలు అన్నదమ్ముల మధ్య ముక్కలైపోయింది. మేపడానికి బీడు మిగలక గొర్రెలు అమ్మేశాడు. ఆ పార్కులో ప్యానెళ్ళు కడిగే పనికి పోతే వయసు మళ్ళిందన్నారు. ఈ కాపలా పని కూడా రాకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. నందీష్ అడిగినదానికి తల వంచుకుని, "ఎవురూ లేరు సార్" అన్నాడు. నాకు నవ్వు ఆగక బీరువా వైపు తిరిగాను. తిరుమణిలో సగం మంది అతనికి మామలూ బావలే.

చొక్కాలు, టోపీలు, బెల్టులు, విజిళ్ళు అన్నీ నేనే ఇచ్చాను. సోలార్ పార్కు గేట్ల కాపలా కూడా ఆ ఏజెన్సీదే కాబట్టి అక్కడా ఇక్కడా ఒకటే నీలం చొక్కా. సంజీవప్పకు అది భుజాల మీంచి జారేది. "కొంచెం కుట్లు ఏయించు సావుకారీ, చూసినోళ్ళు నగుతాండారు" అంటే వేయించాను. బూట్ల విషయంలో మాత్రం ఏమీ చేయలేకపోయాను. జీవితమంతా చెప్పుల్లో తిరిగిన కాళ్ళు అవి. పైగా కూర్చోవడానికి కుర్చీ ఇవ్వరు. మధ్యాహ్నం అన్నం వేళకు మా అరుగు మీదికి వచ్చి, బూట్లు విప్పి, కాళ్ళు పిసుక్కునేవాడు.

"గొర్రెలెనక ఎంత తిరిగినా ఇట్లా నొయ్యలేదు సావుకారీ. నిలబడేదే కష్టం" అనేవాడు.

పెద్దల అమావాస్య దగ్గరపడింది. సంజీవప్ప తల్లిని వాళ్ళ చేనిలోనే పూడ్చారు. చేనున్నవాళ్ళు తమవాళ్ళను తమ చేనిలోనే పెట్టుకోవడం అక్కడి అలవాటు. అమావాస్యకు సమాధి కడిగి, కొత్త చీర పెట్టి, కూడు పెట్టి దండం పెట్టుకుని వస్తారు. చేను కౌలుకిచ్చేటప్పుడు ఆ సమాధి మాట ఎవరూ ఎత్తలేదు. మన చేనికి మనం పోవడానికి ఇంకొకరిని అడగాల్సి వస్తుందని వాళ్ళకు తోచనే లేదు. తలుచుకుంటే నాకు జాలి కంటే ముందు కోపం వస్తుంది. మొదట్లో సోలార్ పార్కు కంచె దగ్గర చూసీచూడనట్టు వదిలేవారు. ఈసారి మాత్రం పావగడ ఆఫీసు నుంచి అనుమతి తెస్తేనే లోపలికి అన్నారు.

ఆ సోమవారం తిరుమణి జనం ట్రాక్టర్లెక్కి వచ్చారు, కౌలు పెంచాలని అడగడానికి. వాళ్ళతోపాటు సంజీవప్ప భార్య నల్లమ్మ కూడా వచ్చింది, అత్త సమాధి సంగతి ఆఫీసరుకు చెప్పుకుందామని. అయిదుగురినే పంపమని లోపలినుంచి మాట వచ్చింది. ఊరి పెద్దమనుషులు అయిదుగురు దూరిపోయారు. నల్లమ్మ గేటు బయట మిగిలిపోయింది. కౌలు గురించి మాట్లాడడానికి చాలామంది ఉన్నారు. సమాధి గురించి మాట్లాడడానికి ఆమె ఒక్కతే.

నందీష్ గేటు పక్కనే నిలబడి ఉన్నాడు. జనం సంజీవప్ప వైపు చూసే తీరు అతనికి నచ్చలేదు.

"వీళ్ళు నీకు తెలుసా?" అని అడిగాడు.

"తెలీదు సార్" అన్నాడు సంజీవప్ప.

నేను అరుగు అంచుకు వచ్చేశాను. నల్లమ్మ ఆ మాట విన్నది. మొగుడి మొహం చూసింది, నందీష్ మొహం చూసింది. కొంగు తల మీదికి లాక్కుని గేటు ఊచలు పట్టుకుంది.

"అన్నా, ఒక్క మాట చెప్పి వస్తాను, పంపన్నా. మా అత్త సమాధి కాడికి పోనీకుండా ఉండారు. ఆడ గేటు కాడ కూడా నీలాంటోడే ఆపినాడు."

మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు కూడా నోటితో పలకరు. అలాంటిది కట్టుకున్నవాణ్ణి పట్టుకుని అన్నా అన్నది. అతని పని నిలబెట్టడానికే అన్నదని నాకు తెలుసు. తెలిసినా ఆమె మీదా, అతని మీదా, నందీష్ మీదా, అందరి మీదా మండిపోయింది. అంత జనంలో ఒక్కరూ వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలని బయటపెట్టలేదు.

"లేదమ్మా, అయిదుమందే. పక్కకు జరుగు" అన్నాడు సంజీవప్ప. గొళ్ళెం వేశాడు. నందీష్ అతని భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం సంజీవప్ప అరుగు మీదికి వచ్చాడు. క్యారియర్ మూత కూడా తీయలేదు.

"ఇంట్లో ఏమనిందప్పా?" అని నేనే కదిపాను.

"ఏమీ అనలేదు సావుకారీ. సంగటి పెట్టింది. తిన్నాంక ఒకే మాట అనింది. అమావాస్య పొద్దుకు సోలార్ గేటు కాడ డ్యూటీ ఏయించుకో, నువ్వుంటే నేను పోయి పెట్టొస్తాను అనింది."

"మంచి మాటే కదా! నందీష్‌ను అడుగు. అడిగేదానికి కూడా భయమేనా?"

బూట్లు విప్పి పక్కన పెట్టాడు.

"అడిగేదానికి భయం కాదు" అన్నాడు. "ఆయమ్మ మా అమ్మకు చీర, కూడు ఎత్తుకొని గేటు కాడికి వస్తే, అనుమతి యాడ అని అడుగుతానేమో సావుకారీ. దానికి భయం."