తొలి దొప్ప ఎవరు తాగాలి

సోడె లచ్చయ్య కల్లు గీయడానికి ఎక్కే జీలుగు చెట్టు ఎంత ఎత్తంటే, ఆయన ఎక్కి దిగేసరికి కింద నిలబడ్డవాడికి గడ్డం మొలుస్తుంది. నాకు మొలిచింది. నమ్మనివాళ్లు మా గూడెం వచ్చి చెట్టును చూడవచ్చు, గడ్డం మాత్రం పోయిన వారమే తీయించాను. పదో తరగతి పరీక్షల రోజుల్లో కూడా నేను ఆ చెట్టు కిందే ఉన్నాను కాబట్టి, కల్లు గురించి నాకన్నా తెలిసినవాడు భద్రాచలం నుంచి సత్తుపల్లి దాకా లేడు.

లచ్చయ్య నాకు మావ వరస. మా దగ్గర ఒక పద్ధతుంది. కల్లు గీసినవాడే ఆకు దొప్పలో మొదట పోసుకుని అందరి ముందూ తాగాలి. ఆ తర్వాతే పెద్దలు ముడతారు. ఇరవై ఏళ్లుగా మా విత్తనాల పండుగకు తొలి దొప్ప మావదే.

అలాంటి మనిషి 2006 చలికాలంలో గోడకేసి తిరిగి కూర్చున్నాడు. జ్వరం లేదు, దెబ్బ లేదు, ఎవరితో తగువూ లేదు. తిండి మానేశాడు, నిద్ర మానేశాడు, ఆఖరికి నన్ను తిట్టడం కూడా మానేశాడు. అప్పుడు భయమేసింది నాకు. మా నర్సమ్మ ప్రమీల చూసి, “ఇది మనసు జబ్బు, దీనికీ గోలీలున్నయ్” అని దవాఖానాకు పంపింది. డాక్టరు రాత్రిపూట మింగమని గోలీలిచ్చి, అవి వాడినన్నాళ్లు సారా, కల్లు ఏదీ ముట్టవద్దన్నాడు. కొన్నాళ్లు చెట్టూ ఎక్కవద్దన్నాడు. నెల దాటాక మావ అన్నం అడిగాడు. రెండో నెలలో నన్ను దున్నపోతా అన్నాడు. నేను గూడెమంతా తిరిగి ఆ మంచి కబురు చెప్పివచ్చాను. డాక్టరు కూడా ఇక ఎక్కవచ్చన్నాడు.

ఎక్కాడు. పైనే ఒక దొప్ప రుచి చూశాడు. సగం దిగాక చెట్టును కావలించుకుని జోగడం మొదలుపెట్టాడు. ఒంటిచేత్తో పట్టుకుని దించానని మూడు గూడేల్లో చెప్పుకున్నాను కానీ, నిజానికి ఆయనే జారి జారి వచ్చి నా మీద పడ్డాడు. పట్టుకునే తీరిక నాకివ్వలేదు.

నర్సమ్మ పరుగున వచ్చింది. “గోలీలు మింగుకుంట కల్లు తాగినవా లచ్చయ్యా?”

“తాగుడేంది నర్సమ్మా, రుచి చూసిన. సారానైతే తాకలే. ఇది చెట్టుకు కారేది, పాల లెక్క.”

“కడుపులకు పోయినంక చెట్టుదేంది, బట్టీదేంది? రెండు కలిస్తే మత్తు ముంచుకొస్తది, కాళ్లు చేతులు పట్టు తప్పుతయ్. ఎక్కువైతే ఊపిరే మందగిస్తది. పోయిన దిగులు మళ్ల తిరిగొస్తది.”

“అట్లయితే పండుగనాడు గోలీ బందు పెడత.”

“నీ అంతట నువ్వు బందు పెట్టొద్దు! ఒక్క పూట మానితే ఒంట్ల ఉన్న గోలీ పోదు, నీ జబ్బు మాత్రం వస్తది.”

మావ భార్య జంపక్క పక్కనే నిలబడి అంతా విన్నది. ఒక్క మాటా అనలేదు. ఆవిడ మాట్లాడకపోతే ఏదో జరగబోతుందని మా గూడెంలో కుక్కలకు కూడా తెలుసు.

పండుగ వచ్చింది. విత్తనాలు బుట్టల్లో పెట్టారు, డోళ్లు మోగాయి. మావ కొత్త కల్లు కుండ తెచ్చి మధ్యలో పెట్టాడు. పటేలు కుంజా రాజులు దొప్ప అందించాడు. “కానీ లచ్చయ్యా, ముందు నువ్వు.”

మావ చెయ్యి చాపి ఆగిపోయాడు. తాగకపోతే ఆ కుండ ఎవరూ ముట్టరు, వచ్చే ఏడు చెట్లు ఇంకొకరికి పోతాయి. గోలీలు లేపిన మనిషిని నిలబెడుతున్నది ఆ చెట్టెక్కడమే. తాగితే ఏమవుతుందో నా వీపుకు బాగా తెలుసు.

“నేను తాగలేను పటేలా. గోలీలు వాడుతున్న” అన్నాడు మెల్లగా.

“ఒక్క గుక్కకు ఏం గాదులే. నువ్వు తాగనిది మేమెట్ల తాగాలె?”

దొప్ప మావ చేతిలోకి వచ్చింది. నేను అడ్డం పడబోయాను. నిజంగానే, ఇవి కోతలు కావు. నాకన్నా ముందే జంపక్క వచ్చి దొప్ప లాక్కుంది.

పటేలు కళ్లు పెద్దవి చేశాడు. “ఏందమ్మా గిది? గీసినోడు గదా తాగాలె!”

“కుండ కడిగింది నేను, మోసింది నేను, పొద్దుమాపు చెట్టు కింద పానం అరచేతుల పెట్టుకుని నిలబడ్డది నేను. నీకు గీసినోడే కావాల్నా, బతికున్నోడు వద్దా?”

డోలు ఆగిపోయింది. జంపక్క గటగటా తాగింది. పెదాలు తుడుచుకుంది. అందరం ఆమె నోటివంకే చూస్తున్నాం. ఆవిడ నాలుక చప్పరించి మొహం చిట్లించింది.

“పులిసింది” అన్నది.

“ఏంది?” అన్నాడు మావ.

“పులిసిందంటున్న. పైన కుండ కట్టెటప్పుడు గీసిన కాడ పాత నురగ సాఫ్ చేస్తలేవు. ఇరవై ఏండ్ల సంది నీ కల్లు నువ్వే మంచిగుందన్నవ్, అడిగెటోడు లేక!”

ముందు నవ్వింది మావే. అంత నవ్వు ఆయన నోట విని చాన్నాళ్లయింది. ఆ నవ్వుకు అడవిలో నెమళ్లు లేచిపోయాయంటే మీరు నమ్మరు గానీ, పటేలు పగలబడి నవ్వి దొప్ప చాపాడన్నది మాత్రం పది మందీ చూశారు.

“పులిసినా పర్వాలేదు, అబద్ధం చెప్పని నోరు దొరికింది. కల్లు పొయ్ తల్లీ!”

ఆరోజు మావ గ్లాసెడు అంబలి తాగి అందరికన్నా ఎక్కువసేపు ఆడాడు. మరుసటి ఏడు కూడా చెట్లు ఆయనకే ఉన్నాయి. పక్క గూడెంవాళ్లు కూడా ఇప్పుడు పండుగ కల్లు రుచి చూడటానికి జంపక్కను పిలుస్తున్నారు. ఆమె బాగాలేదంటే గీసినవాడు కుండ పారబోసి మళ్లీ ఎక్కాల్సిందే.