స్వామి కాదు, దెబ్బ

పంతొమ్మిదివందల యాభైల్లో ఆదోనిలో నేనొక పైల్వాన్ని. ఇప్పుడు చెప్తే నవ్వుతారు. అప్పుడు చూసినవాళ్లూ నవ్వేవాళ్లు. పట్లు రెండే వచ్చు, పట్టుదల మాత్రం పదిమందికి సరిపోయేంత. కుస్తీ నేర్పే మా వస్తాదు నన్ను మట్టిబుర్ర అనేవాడు. రోజూ గోదా మట్టిలో తల ఆనించి పొర్లేవాడికి అది తిట్టెట్లా అవుతుంది?

అసలు పైల్వాను మా అన్న. ఎమ్మిగనూరులో మగ్గం నేస్తూ, జాతర జాతరకూ కుస్తీ పట్టేవాడు. పదేళ్లలో తల ఎన్నిసార్లు నేలకు కొట్టుకుందో. ముప్పై దాటేసరికి, తెగిన పోగు అతకబోతే వేళ్లు వణికేవి. తిని చెయ్యి కడుక్కుని, "అన్నం పెట్టవా?" అని వదినను కసిరేవాడు. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు గాలి అన్నారు. వదిన ఒక్కతే, "తలకు తగిలిన దెబ్బలప్పా ఇవన్నీ" అనేది. కుస్తీ సంగతి ఆడవాళ్లకేం తెలుసని నేను కొట్టిపారేసినాను.

మా నమ్మకం వేరు. దెబ్బ తగిలి పైల్వాను కళ్లు తేలేసి ఊగితే, స్వామి ఒంటిమీదికొచ్చినాడని కర్పూరం వెలిగించి, నెత్తిన గోదా మన్ను పోసి మళ్లీ కుస్తీకి దింపేవాళ్లు. అన్నను అట్లా ఎన్నోసార్లు దింపినారు.

ఆ శ్రావణంలో ఉరుకుంద జాతరకు, అన్నకు నయం కావాలని మొక్కుకుని వదిన ఆయన్ను బస్సులో తీసుకొచ్చింది. నేను గోదాలో ఉన్నాను. హాలహర్వి పైల్వాను నన్ను ఎత్తి వేసినాడు. తల ముందు దిగింది, నేను తర్వాత దిగినాను. లేచి చూస్తే ఒక్కొక్కరూ ఇద్దరిద్దరు. నా కుస్తీకి అంత జనం రావడం అదే మొదలు.

"స్వామి వచ్చినాడప్పా! కర్పూరం తెండి!" అని జనం కేకలేసినారు.

వస్తాదు నా నెత్తిన గుప్పెడు మన్ను పోసినాడు. "పో నాయనా, ఇంగ నీకు ఎదురు లేదు."

నాకూ నిజమే అనిపించింది. అడుగు ముందుకేసినాను. అంతలో జనాన్ని తోసుకుంటూ అన్న గోదాలోకి వచ్చి, నా గడ్డం పట్టుకున్నాడు.

"రేయ్, మనం యాడుండాం?"

"ఆదోనిలో" అన్నాను, ఉరుకుంద గోదాలో నిలబడి.

అన్న నా తలను గుండెకు అదుముకుని వస్తాదు వైపు తిరిగినాడు. "స్వామీ లేదు, గీమీ లేదు. దెబ్బ తగిలింది వీనికి. నాకూ ఇట్లే అయితాండె. సూడు నన్ను! ఇంగొకన్ని ఇట్ల సేస్తావా?"

"పిరికోడు పారిపోతాండాడ్రోయ్!" అని వెనకనుంచి ఎవడో ఈల వేసినాడు. అన్న వణికే చేతులు చూసి వస్తాదు పక్కకు తప్పుకున్నాడు.

నేను మళ్లీ గోదాలో దిగలేదు. ఇన్నేళ్లకు ఇది గుర్తుపెట్టుకుని రాస్తున్నానంటే, ఆ మాత్రం తల నాకు మిగిల్చింది, తనకు మిగలని ఆ అన్నే.

ఆ సాయంత్రం ఎమ్మిగనూరు బస్సు ఏదో మా ఇద్దరికీ తెలియలేదు. వదినే చెరో చెయ్యి పట్టుకుని ఎక్కించింది.

"నీ మాట ముందే వినాల్సింది, వదినా" అన్నాను.

"ఇప్పుడన్నా వింటివి. కూచో అప్పా" అని కళ్లు తుడుచుకుంది.

బస్సు కదిలినాక అన్న అడిగినాడు, "ఎవరు గెల్సినార్రా?"

"నువ్వే అన్నా."

నమ్మలేదు. దారి పొడుగునా అడుగుతానే ఉన్నాడు. నేనూ చెప్తానే ఉన్నాను.