రెండు గ్రాఫుల నెమలి

నిన్న పెనుకొండలో పెండ్లికి పోయి పరువు పోగొట్టుకొని వచ్చినానప్పా. టీ తాగతా వినండి, మొదట్నించీ చెప్తా.

నేను ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్ గ్రాఫులు గీస్తానని మీకు తెలుసు. హిందూపురంలో బాషా అని నా పార్ట్‌నర్ ఉండాడు. గ్రాఫులో గళ్ళు చూసి అట్టలకు తూట్లు కొట్టే పని ఇద్దరికీ వచ్చు. మగ్గంమీద ఒక్కో అట్ట ఒక్కో వరస డిజైన్ నేయిస్తుంది. అట్ట తప్పితే చీర తప్పినట్టే.

పోయిన నెల డిజైన్లు ఎట్ల పెట్టుకోవాలని ఇద్దరం వాదులాడుకున్యాం.

"అన్నా, ఒక డిజైనుకు ఒకటే గ్రాఫు ఉండనీ. ఎవరు మార్చినా నోటుబుక్కులో తేదీ ఏసి సంతకం పెడదాం" అన్నాడు బాషా.

"అంటే గీత మార్చాలంటే నేను బస్సెక్కి రావాల్నా? నీ కాపీ నీకాడ, నా కాపీ నాకాడ. ఏమన్నా మారిస్తే చెప్పుకుంటాం" అన్నా.

పెద్దోణ్ణని నా మాటే నెగ్గింది.

ఆ వారమే పెనుకొండ రత్నమ్మక్క వచ్చి కూతురి పెండ్లి చీరకు ఆర్డరిచ్చింది. కొంగు నిండా నెమళ్ళు కావాలంది. మా ఇద్దరికాడా కాపీ ఉండే నెమలి గ్రాఫు చూసి, "కుడిపక్క చూసే నెమలొద్దప్పా, ఎడమపక్కకు తిప్పు" అంది. రబ్బరు పెట్టి తుడిచి, నా కాపీలో తిప్పి గీసినా. బాషాకు చెప్పల్యా. మర్చిపోతి.

టైం తక్కువుండాది కదా, పని పంచుకుందామని బాషాకు కబురు పెట్టినా: "కాళ్ళనించి మెడదాకా అట్టలు నేను కొడతా, తల నువ్వు కొట్టు." పాపం, వాడు వాని కాపీ చూసి బుద్ధిగా కొట్టి బస్సులో పంపినాడు. నేను రెండు కట్టలూ కుట్టించి, మగ్గం నేసే నాగప్పకు ఇచ్చేసినా.

నాలుగు రోజులకు రత్నమ్మక్క చీర చూసేదానికి వచ్చింది. ఆమెతో పాటే నేనూ మొదటిసారి చూసినా. నెమలి ఒళ్ళు ఎడమపక్కకు తిరిగి నిలబడి ఉండాది. ఆ పక్క తల లేని మెడ. ఈ పక్క తోకపైన గాల్లో మెడ లేని తల. వరసగా పదకొండు నెమళ్ళు, అన్నీ అంతే.

నాగప్పను చూస్తి. "మీరిచ్చిన అట్టలే నేసినా సామీ" అన్నాడు.

నేను ధైర్యం చేసి, "వెనక్కి చూస్తాండే నెమలి అక్కా, కొత్త మాడల్" అన్నా.

ఆమె అద్దాలు పెట్టుకొని కొంగుమీదికి వంగి చూసింది. "చూడనీలేప్పా. మరి మెడ యాడ?"

నాగప్ప మగ్గంగుంతలో కూచొని నవ్వతానే ఉండాడు. నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. పెండ్లికి పన్నెండు రోజులే ఉండాది. ఆ మధ్యాహ్నమే హిందూపురం బస్సెక్కి బాషాను పిలుచుకొచ్చినా. వాడు వస్తానే వాని కాపీ మడిచి పక్కన పెట్టేసినాడు. ఒకే గ్రాఫు ముందర పెట్టుకొని తల అట్టలన్నీ మళ్ళీ కొట్టినాం. నాగప్ప నేసిందంతా విప్పి, కొత్తగా నేసి, పెండ్లికి రెండు రోజుల ముందర చీర చేతికిచ్చినాడు.

నిన్న పెండ్లికూతురు ఆ చీరలోనే పీటలమీద కూచుంది. ఆడోళ్ళంతా కొంగు పట్టుకొని చూస్తాండారు. ఎవరో "ఇంత బాగా ఎవరు గీసినారు?" అన్యారు. నేను చొక్కా సర్దుకొని ఒక అడుగు ముందుకేసినా.

రత్నమ్మక్క నన్ను చూపించింది. "ఈయప్పే. నెమలికి ఒళ్ళు ధర్మవరంలో, తల హిందూపురంలో చేయిస్తాడు. చీర తీసుకునేటప్పుడు మెడ ఉండాదో లేదో చూసుకోండి."




అంతే, చీరను వదిలేసి అందరూ నన్ను చూసేదానికి వచ్చినారప్పా.